గంగమ్మ పేరు చెప్పి కంచె దాటిన కోళ్లు

వేలూరులో మా సందు మలుపు దగ్గర ఒక కోళ్లంగడి ఉంది. ఆదివారం పొద్దున అటువైపు పోతే, వేణ్ణీళ్లలో ముంచి తీసిన తడి ఈకల వాసన దారికి అడ్డంగా నిలబడి ఉంటుంది. పోయిన వారం అంగడాయన ఒక కోడిని కాళ్లు పట్టి పైకెత్తి, "నాటుకోడి మ్మా, అసలు నాటుకోడి" అన్నాడు. నేను దాని రెక్క పట్టి విప్పి చూసినాను. విసనకర్రలా తెరుచుకోవాల్సిన రెక్క తడిసిన కాగితంలా వేలాడింది. "ఇది పుట్టినప్పటినుంచీ ఒక గోడన్నా ఎక్కిందా అప్పా?" అంటే, "కూరకు ఎగిరే కోడి ఎందుకమ్మా?" అన్నాడు. వాదించడం నాకు పుట్టుకతో వచ్చిన జబ్బు, కాలేజీ చదువు దానికి సాన పట్టింది. అయినా ఆ పూట దాని రెక్క వదిలేసినాను. ఆ తడి ఈకల వాసన అప్పటికే నన్ను గుడియాత్తంలో మా పెరట్లోకి లాక్కుపోయింది.

మా నాయన అగ్గిపెట్టెల కంపెనీలో మేస్త్రీ. మా వీధిలో ఆడవాళ్లందరూ ఇళ్లల్లో కూర్చుని పెట్టెలు అంటించేవాళ్లు గనక, ఊరంతటికీ ఒక వాసన ఉండేది. మైలుతుత్తం కలిపిన మైదా గంజి వాసన, ఎండకు వేసిన పలచని చెక్క వాసన, నాయన చొక్కాకు పట్టుకున్న గంధకం వాసన కలిసి పెద్ద మగ్గాల వీధి నుంచి వచ్చే నూలు గంజి వాసనను కలుపుకొని మా అన్నంలోకి కూడా వచ్చేవి. కార్తీకంలో వానలు పట్టి చెక్క ఆరకపోతే అమ్మ ముఖం ముడుచుకునేది. చిత్తిరై ఎండల్లో ఉలవచారు, రాగి సంగటి, మామిడికాయ ఊరుగాయ, సాయంత్రం వాకిట్లో చల్లిన నీళ్ల మీద మేము గీసుకున్న తొక్కుడుబిళ్ల గళ్లు. పెరట్లో బట్టలుతికే బండ, మునగచెట్టు, వాటి మధ్య తిరిగే మా అవ్వ కోళ్లు. అవ్వ అంటే మా నాయన తల్లి. పొద్దున్నే గంప ఎత్తి "బా బా బా" అంటే చాలు, ఆ కోళ్లు అప్పుడే బడి వదిలిన పిల్లల మాదిరి బయట పడేవి.

మేము తెలుగువాళ్లం. ఈ తమిళ ఊర్లోకి ఎన్ని తరాల ముందు వచ్చి పడ్డామో ఎవరికీ తెలీదు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్లం, ఒక్కరికీ దాన్ని చదవడం రాదు. నేనే కాలేజీకి పోయినాక తెలుగు అక్షరాలు నేర్చుకున్నాను. మా నాయన మీటింగు వేదికెక్కి తమిళంలో గంటలు గంటలు ప్రసంగాలు చేసేవాడు, సామి లేదు, కులం లేదు, మనిషికి మనిషి అడ్డం నిలబడకూడదు అని. దిగి ఇంటికొచ్చి కోళ్లను మటుకు తెలుగులో తిట్టేవాడు. ఆయనకు కట్చి, అంటే పార్టీ, ప్రాణం. కట్చి చీలి రెండయినప్పుడు ఆయన పాతదాంట్లో ఉండిపోయినాడు. మా చిన్నాయన, అంటే ఆయన ఒక్కగానొక్క తమ్ముడు, కొత్తదాంట్లోకి పోయినాడు.

అప్పటిదాకా ఒకే ఇల్లు. ముందర సగంలో మేము, వెనక సగంలో చిన్నాయన, ఆయన పెండ్లాం, వాళ్ల మగ్గం, మధ్యలో పెరడు. ఒక ఎలక్షన్ నాడు చిన్నాయన తన జెండా తెచ్చి మా ముందరి తిన్నె మీద కట్టినాడు. నాయన దాన్ని పీకి వీధిలో పడేసినాడు. అన్నదమ్ములిద్దరూ ఒకరి గొంతు ఒకరు పట్టుకున్నారు. ఆ వారంలోనే పెరటి మధ్య కొబ్బరి మట్టల తడక లేచింది. చిన్నాయన వాళ్లు వెనక వీధిలోకి వాకిలి పెట్టుకున్నారు. "ఈ ఇంట్లో అన్నం తినేవాళ్లెవురూ ఆ గుమ్మం తొక్కకూడదు" అన్నాడు నాయన. మనిషికి మనిషి అడ్డం నిలబడకూడదు అన్న నోరే అది. దీని మీద నేను పెద్దయినాక ఆయనతో వాదించినాను. గెలిచినాను కూడా. ఏం లాభం, అప్పటికి అవ్వ లేదు.

తడక సంగతి మనుషులకు చెప్పగలిగినారు గానీ కోళ్లకు ఎవరు చెప్తారు? మొదటి రోజే నల్లపెట్ట బండ మీదికెక్కి, బండ మీది నుంచి తడక మీదికెగిరి, అటూ ఇటూ మెడ తిప్పి చూసి, తీరిగ్గా అవతల దిగింది. మిగతావి దాని వెనకే. నాయన తడక ఎత్తు పెంచినాడు, అవి మునగకొమ్మ ఎక్కినాయి. కొమ్మ కొట్టించినాడు. తడక మీద సీమతుమ్మ కంప పరిపించినాడు, నల్లపెట్ట ఆ కంప మీద కూడా కాలు పెట్టే చోటు వెతుక్కుంది. కోళ్ల కాళ్లకు తాడుతో కట్టె కట్టించినాడు, అవి కట్టెతో సహా ఎగిరినాయి. కోడి పోయిన ప్రతిసారీ అవ్వ మూలన ఒక మట్ట పక్కకు జరిపి అవతలికి దూరేది. నాయన చూస్తే, "కోడి పోయినాది నాయనా, తెచ్చుకోవద్దా?" అనేది.

"పొద్దుగూకితే అదే వస్తుంది లేమ్మా."

"ఈలోపల ఆడ గుడ్డు పెడితే? నీ గుడ్డు నీ తమ్ముడు తినేదానికి నీకు సమ్మతమేనా?"

మా నాయన పోయి తడకకు ఇంకో మట్ట కట్టేవాడు.

అసలు సంగతి గుడ్డు కాదు. ఆ మాఘంలో చిన్నమ్మకు ఆడబిడ్డ పుట్టింది. చిన్నమ్మకు తల్లి లేదు. పసిబిడ్డకు నీళ్లు పోసేదానికి ఇంట్లో పెద్ద ఆడది కావాలి. కాళ్లు చాపుకుని, బిడ్డను బోర్లా వేసుకుని, నూనె రాసి, మోకాలి మీద తల పట్టి, వేణ్ణీళ్లు వీపు మీద పోసి, ముక్కు సరిచేసి, సాంబ్రాణి పొగ వేసి గుడ్డలో చుట్టాలి. మా వీధిలో సగం పిల్లలకు అవ్వే నీళ్లు పోసింది. తన కొడుకు బిడ్డకు పోసేదానికి మటుకు తడక అడ్డం. నీళ్లు పొద్దెక్కకముందే పోయాల, ఆ వేళకు నాయన ఇంకా ఇంట్లోనే ఉంటాడు. అందుకని సరిగ్గా నీళ్లు కాగే వేళకు, తడకకు అవతల చిన్నమ్మ గుప్పెడు నూకలు చల్లేది. కోళ్లు ఎగిరేవి. అవ్వ "యాడ పోయినాయే ముండలు" అని గట్టిగా తిట్టుకుంటా, మట్ట జరిపి దూరేది. నేను ఆ సందులోంచి చూసేదాన్ని. అవ్వ కాళ్ల మీద ఆ బిడ్డ కప్పపిల్లలా కాళ్లు కొట్టుకుంటా ఏడ్చేది, పొగ వేసినాక మత్తుగా ఊరుకునేది. బిడ్డకు వాళ్ల కట్చి పెద్దాయన ఎవరో నోరు తిరగని తమిళప్పేరు పెట్టినారు. అవ్వ "బుజ్జమ్మా" అని పిలిచేది.

తిరిగి వచ్చేటప్పుడు అవ్వ చంకలో కోడి, చీరకంతా సాంబ్రాణి వాసన. కోడిని పట్టేదానికి సాంబ్రాణి ఎందుకో నాయనకు తెలీదా? తెలుసు. ఒక పొద్దు అవ్వ పక్కగా పోతుంటే ఆయన ముక్కు ఎగబీల్చినాడు, ఏమో అనబోయినాడు, చొక్కా గుండీలు పెట్టుకుంటా వాకిట్లోకి పోయినాడు. నేనిప్పటికీ ఆయన మీద పూర్తిగా కోపం తెచ్చుకోలేకపోతున్నానంటే ఆ ఒక్క పొద్దు వల్లనే.

చెడగొట్టింది టీకొట్టు. అక్కడెవరో అన్నారంట, "ఏమప్పా మేస్త్రీ, నీ మాట మీద కంపెనీలో అందరూ నిలబడతారు, నీ ఇంటి కోళ్లు మటుకు కట్చి మారినాయంటనే!" అని. కొట్టంతా నవ్వింది. నాయన మధ్యాహ్నమే ఇంటికొచ్చినాడు, చేతిలో కంపెనీలో కాగితాలు కత్తిరించే పెద్ద కత్తెర. ఆలంగాయం నుంచి వచ్చిన వాచ్‌మన్ ఆయనకు ఉపాయం చెప్పినాడంట. రెండు రెక్కలూ ముట్టుకోవద్దు, ఒక్క పక్క పెద్ద ఈకలు కత్తిరించు, ఎగరబోతే ఒక పక్కకు ఒరిగి అదే పడిపోతుంది అని. నొప్పి కూడా ఉండదు, గోరు తీసినట్టే.

"ఏమే, నల్లదాన్ని పట్టుకో" అన్నాడు నాతో. నేను పట్టుకోబోయే లోపల అవ్వ వంటింట్లోంచి వచ్చింది. చేతిలో పసుపు తడిపిన దారం ఉంది. నల్లపెట్టను ఒళ్లోకి తీసుకుని, దాని కాలికి ఆ దారం కట్టి, దండం పెట్టింది.

"ఇది గంగమ్మకు మొక్కినాను నాయనా. కత్తెర పెట్టొద్దు."

మా ఊర్లో దీనికి తిరుగులేదు. వైకాసి నెలలో, అంటే వైశాఖంలో, గంగమ్మ శిరసు ఊరేగే పండగకు ఇచ్చే జీవానికి ఒక గోరు ఊడి ఉండకూడదు, ఒక ఈక తెగి ఉండకూడదు. పెట్టయినా పుంజయినా నిండుగా ఉండాల.

"అయితే ఆ బూడిదదాన్ని పట్టు" అన్నాడు నాయన.

అవ్వ బూడిదదాన్ని పట్టింది. దానికీ దారం కట్టింది. దాని తర్వాత ఎర్రదానికి. ఒక్కొక్కటిగా పట్టుకుని, పెరట్లో ఉన్న అన్ని కోళ్లకూ కట్టేసింది. అమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి, "అత్తా, అన్నీనా?" అనింది. అవ్వ మిగిలిన దారం కొంగున ముడేసుకుంది.

"సామే లేదంటే మొక్కేందిమ్మా!" అని అరిచినాడు నాయన.

"నీకు లేదు నాయనా. కోళ్లు నావి గదా."

అమ్మ అప్పుడు నోరు తెరిచింది. "మొక్కిన కోడికి కత్తెర పెడితే నేను ఈ పొయ్యి ముట్టించను, కట్చి ఆఫీసులో తినండి" అనింది. నాయన కత్తెర బండ మీద పడేసి పోయినాడు. ఇరుగుపొరుగంతా అవ్వ గెలిచిందనుకున్నారు. నేనూ గంతులేసినాను. వైకాసి అనేది ఒకటి వస్తుందని పిల్లలకు ఎందుకు తోస్తుంది?

ఆ పంగుని, చిత్తిరై నెలలు మా పెరట్లో కోళ్లు రాజ్యమేలినాయి. పసుపు దారాల కాళ్లతో తడక మీద కూర్చునేవి, నాయన ముందే ఎగిరేవి. ఆయన పేపరు అడ్డం పెట్టుకునేవాడు. అవతల బిడ్డకు మెడ నిలబడింది. బోర్లా పడింది. అవ్వ వచ్చి అమ్మతో గుసగుసగా ఒక్కొక్కటీ చెప్పేది, "ఈపొద్దు నన్ను చూసి నవ్వినాదమ్మే." పొదగను కూర్చున్న పెట్టను లేపి గుడ్లు తీసేసేది. ఎందుకని నేనడిగితే, "మొక్కినదాని పిల్లలను ఎవురు సాకుతారు?" అనింది.

వైకాసి వచ్చింది. వీధి వీధంతా వేపమండలు, పంబ మోత, కూళు అనే అంబలి కాచే పెద్ద బానలు, అంబలిలో నంజుకునే ఎండుచేపల వాసన. శిరసు ఊరేగి పోయే రోజు పొద్దున అవ్వ తలంటి పోసుకుని, గంప ఎత్తింది. "బా బా బా" అనింది. అవి వచ్చినాయి. ఒకటి రెండు ఇచ్చి మిగతావి దాచుకోవచ్చు గదా, గంగమ్మ ఏమన్నా లెక్క రాసుకుంటుందా అని అమ్మ అడిగింది. "ఆమె మాట అడ్డం పెట్టుకుని నా పని చేసుకుంటిని. ఇంక ఆమె పని నేను చెయ్యొద్దా?" అనింది అవ్వ. వేణ్ణీళ్లు కాగినాయి. పెరడంతా తడి ఈకల వాసన. అప్పుడు వచ్చిన వాసనే అది.

మా నాయన సామి లేదన్నాడు గానీ, సామికి కోసిన కోడి పులుసు లేదనలేదు. రెండుసార్లు వేయించుకున్నాడు. అవ్వ మజ్జిగన్నం తిని లేచి, ఒక గిన్నెలో పులుసు పోసి, మీద ఆకు మూసి, తడకవైపు నడిచింది.

"అమ్మా, యాడికి?" అన్నాడు నాయన, చెయ్యి కడుక్కోకుండానే.

అవ్వ చుట్టూ చూసింది. పెరట్లో వెతుక్కుంటా పోయేదానికి ఒక్క కోడి లేదు. "యాడికీ లేదు నాయనా" అని గిన్నె బండ మీద పెట్టి లోపలికొచ్చింది.

తర్వాత కొన్నాళ్లు చిన్నమ్మ నీళ్లు కాగే వేళకు తడక పక్కకొచ్చి, బిడ్డతో మాట్లాడినట్టుగా గట్టిగా, "బుజ్జమ్మా, ఈపొద్దు పన్ను వచ్చినాదే నీకు" అనేది. అవ్వ ఇవతల బండ మీద కూర్చుని వినేది. అమ్మ కొత్త కోడిపిల్లలు తెస్తానంటే, "వద్దమ్మా, గంగమ్మ ఒకతూరి ఊరుకునింది" అనింది. ఆ ఏడే కరెంటు మగ్గాలు వచ్చి చిన్నాయన మగ్గం పడిపోయింది, ఆయన ఆంబూరులో తోలు కంపెనీకి పోయినాడు. ఒక పొద్దు నూకలు చల్లే చోట ఎవరూ లేరు. వానాకాలం పోకముందే అవ్వ పోయింది. చిన్నాయన వచ్చినాడు, ముందరి వాకిలి నుంచే వచ్చినాడు. అన్నదమ్ములిద్దరూ పాడెకు చెరొక పక్కన పట్టినారు, ఒకరి ముఖం ఒకరు చూడలేదు.

ఇప్పుడు ఆ పెరట్లో సెల్‌ఫోను అంగడి గోడౌను ఉంది. పెట్టెలు అంటించేవాళ్లు లేరు, మగ్గాల చప్పుడు లేదు. ఆ రెండు కట్చిల వాళ్లూ వియ్యమందుకుంటున్నారు, ఒకే పందిట్లో పక్కపక్కన కూర్చుని భోంచేస్తున్నారు. అట్లాంటి ఒక పెండ్లిలోనే, కే.వి.కుప్పంలో, ఆ బిడ్డను చూసినాను. నడివయసు ఆడది, స్కూల్లో హెడ్మిస్ట్రెస్, తెలుగు ఒక్క ముక్క రాదు. నేను "బుజ్జమ్మా" అంటే ఎవరినో అనుకుని వెనక్కి తిరిగి చూసింది. మాటల్లో అవ్వ ప్రస్తావన వచ్చింది. "పాట్టి నన్నెప్పుడైనా ఎత్తుకునిందా అక్కా?" అని తమిళంలో అడిగింది, మర్యాదకు అడిగినట్టు.

కోళ్లన్నీ నోటి చివరిదాకా వచ్చినాయి. ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలి? "రోజూ నీళ్లు పోసేది" అన్నాను.

"అవునా? మా అమ్మ ఎప్పుడూ చెప్పలేదే" అని, ఆకులో పాయసం ఎక్కువ వేసినారని వడ్డించేవాణ్ణి పిలిచింది.