ఎండ చూడని తొమ్మిది రోజులు

మండలాఫీసులో నేను చేసిన పనుల్లో వాన లెక్క రాయడం ఒకటి. రోజూ ఉదయం ఎనిమిదిన్నరకు ఆవరణలోని వర్షమాపకం మూత తీసి, నీళ్లుంటే కొలవాలి, లేకుంటే సున్నా వేయాలి. మా సీమలో ఏడాదిలో ఎక్కువ రోజులు సున్నాలే. వరుసగా సెలవులొస్తే, ఆఫీసు తెరిచిన రోజు ఖాళీ గళ్లన్నింటిలో ఒకేసారి సున్నాలు దింపేవాణ్ణి. చినుకు పడితే నాకు తెలియకుండా పోతుందా అన్నది నా ధీమా. ఆ సున్నాల వల్ల ఎవరికీ నష్టం జరిగినట్టు నేను వినలేదు.

రిటైరయ్యాక ఆ రాత పని నా సొంత డైరీకే మిగిలింది. వీధిలో ఎవరి బోరు ఎప్పుడు వేశారు, ఎవరి బిడ్డ ఏ రోజు పుట్టింది అని తేడా వస్తే నా దగ్గరికే వస్తారు. ఆమె వచ్చిందీ అందుకే.

ఆమెది మా వెనక వీధి. మొగుడు చీరలు నేస్తాడు, ఆమె నూలుకు రంగులు అద్దుతుంది. కాస్టిక్ సోడాకు ఆమె వేళ్ల కొసలు పగిలిపోయాయి. రంగు కరగడానికి వేసే హైడ్రోస్ మందు పొగకు దగ్గు పట్టుకుంది. ఆ పని మానుకోమని కర్నూలు డాక్టరు చెప్పాడు. మానుకుంటే మగ్గానికి నూలెవరు తయారుచేస్తారు? కర్నూలులోనే ఒక కాలేజీలో ఆడవాళ్లకు మందులు లేని రంగుల మీద శిక్షణ ఇస్తుంటే వెళ్లింది. నీటి పాచి నుంచి కూడా రంగు తీయొచ్చని అక్కడ చూపించారట. వచ్చిన మర్నాడే కాలువ తూము దగ్గర, నీళ్లు నిలిచినచోట, బకెట్టెడు పాచి ఎత్తుకొచ్చింది. కడిగి, నీడన ఆరబెట్టి, డేక్సాలో ఉడికించి, రంగు నిలవడానికి పటిక వేసింది. ఎన్నోసార్లు బురద రంగు తేలాక, ఒకసారి లేత జొన్నాకు పచ్చ వచ్చింది.

వాళ్లత్త ఊరుకునే మనిషి కాదు. "ఇల్లంతా కప్పల కంపు చేస్తాండావు. రేపు కప్పల్ని గూడా పట్టుకొచ్చి మగ్గానికి కడ్తావేమో!"

"కట్టినా కడ్తాలే అత్తా. అవి నీ మాదిరి దినమంతా అరవవు గదా," అంది కోడలు.

ఆ పచ్చలో ముంచిన రెండు గుడ్డ ముక్కలు పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. ఒకటి బీరువాలో పెట్టాలి, ఒకటి మిద్దె మీద ఎండలో కట్టాలి. రోజూ సాయంత్రం రెండూ పక్కపక్కన పెట్టి తేడా రాయాలి. ఇరవై రోజులు.

"మన ఎండకు నిలిస్తే యాడైనా నిలుస్తాది మామా. నేనైతే ఆశకొద్దీ బాగుండాదనే చూస్తా. మీరు ఉన్నదున్నట్టు రాస్తారు."

అయిదు రోజులు ఉన్నదున్నట్టే రాశాను. ఆరో రోజు కడప నుంచి ఫోను వచ్చింది, తమ్ముడికి కంటి ఆపరేషనని. గాలికి ఎగిరిపోతుందేమోనని మిద్దె మీది గుడ్డ విప్పి, రెండోదానితో పాటు బీరువాలో పెట్టి తాళం వేసి వెళ్లాను. ఆపరేషనయ్యాక మరదలి మొక్కు ఉందని అందరం ఒంటిమిట్ట పోయాం. తిరిగొచ్చేసరికి తొమ్మిది రోజులు.

రెండు ముక్కలూ పక్కపక్కన పెట్టి చూశాను. ఏ తేడా లేదు. ఎందుకుంటుంది, రెండూ బీరువాలోనే ఉన్నాయి! తొమ్మిది ఖాళీ గళ్లలోనూ "మార్పు లేదు" అని ఒకే ఊపులో రాసేశాను. అబద్ధం రాస్తున్నానని అప్పుడు అనిపించలేదు. వాన లేని రోజుకు సున్నా వేసినట్టే అనుకున్నాను. మిగిలిన ఆరు రోజులు మాత్రం గుడ్డను మళ్లీ ఎండలో కట్టి, రోజూ మిద్దెనెక్కి చూసే రాశాను. చివరి గడిలో "కొంచెం లేతబడింది, పట్టి చూస్తే తప్ప తెలియదు" అని ఉంది.

ఆమె ఆ పేజీ మీద పగిలిన వేలు ఆనించి ఒక్కో గడీ చదువుకుంది. "ఇరవై దినాలు నిలిచినాది మామా!" అంటూ లేచింది. ఆ వారమే ఆరు చీరలకు సరిపడా నూలు అద్దింది. మొగుడు నేశాడు. కర్నూలులో ఒక షాపాయన ముచ్చటపడి, పడమటి ఎండ పడే అద్దాల అరలో వాటిని పెట్టాడు. నెల తిరక్కుండానే పైమడతలన్నీ ఎండుగడ్డి రంగుకు తిరిగాయి. ఆరూ వెనక్కి వచ్చాయి.

చూసొద్దామని వెళ్లాను. "తప్పు పాచిది గాదు మామా. మీ పుస్తకంలో నిలిచినాది గదా. అద్దం లోపలి ఎండ వేరేమో," అంది.

"అయ్యుండొచ్చమ్మా," అన్నాను.

డైరీలో రాసినదానికంటే ఆ మాటే నన్ను ఎక్కువ బాధపెడుతోంది. అప్పుడే చెప్పి ఉండాల్సింది.

బీరువాలో మిగిలిన ముక్కను రెండుగా కత్తిరించి, సగం ఎండలో కట్టాను. ఈసారి ఏ ఊరూ పోలేదు. పదకొండో రోజు రంగు జారడం మొదలైంది. పద్నాలుగో రోజుకు వీధిలోంచి చూసినా తెలిసేటట్టు వెలిసింది. ఆ రెండు ముక్కలూ జేబులో పెట్టుకుని తిరిగాను కానీ, వాళ్ల గడప తొక్కడానికి ఇంకో వారం పట్టింది.

వెళ్లేసరికి ఆమె పొయ్యి దగ్గర ఉంది. జరిగినదంతా చెప్పాను. నూలు తిప్పుతున్న కర్ర ఆగలేదు.

"మీరు ఊరికి పోయింది తెలుసు మామా. గుడ్డ మిద్దె మీదనే ఉండాదనుకున్యా. వచ్చి చూసి రాసినారనుకున్యా."

"ముందే తెలిసుంటే ఏం చేసేదానివమ్మా?"

"ఏముండాది? ఇంకొంచెం పటిక వేసి చూసేదాన్ని. దానిమ్మ తొక్క కలిపేదాన్ని. ఆరు చీరలకు కాకుండా ముందు ఒక తువ్వాలకే అద్దేదాన్ని."

"మళ్లీ చెయ్యమ్మా. ఈసారి నేను..."

"మా ఇంటాయన ఒప్పుకోడు మామా. ఆ పచ్చ నూలు ఇంక మగ్గమెక్కనీయనన్యాడు. ఆయన తప్పు గూడా కాదులే."

హైడ్రోస్ పొట్లం విప్పి డేక్సాలో వేసింది. ఘాటు గుప్పుమంది.

"ఆ పక్కకు జరగండి మామా, ఈ గాలి మీకు పడదు."

జరిగాను. ఆమె కొంగు మూతికి అడ్డం పెట్టుకుని దగ్గింది. దగ్గు తెరిపివ్వగానే ఇంకో నూలు చిలప తీసి డేక్సాలో ముంచింది.