కన్నారావు విప్పిన ట్రాక్టరు

బర్మాలో, నది ఇవతలి ఒడ్డునున్న దలాలో కన్నారావు షెడ్డుకి బోర్డు లేదు. అవసరమూ లేదు. ఇంజిను పాడైన ప్రతివాడికీ ఆ దారి తెలుసు. ఇంజిను బాగున్నవాడు ఎలాగూ మెకానిక్కు మొహం చూడడు.

తాత బరంపురం పక్క పల్లె నుంచి ఓడెక్కి వచ్చి అవతలి ఒడ్డున సేక్కాన్ రేవులో మూటలు మోశాడు. తండ్రి అదే రేవులో క్రేన్లకి గ్రీజు పూశాడు. కన్నారావు నది దాటి ఇవతలికొచ్చి ట్రాక్టర్లు పట్టాడు. ఇన్నాళ్లకి మీ వంశం ఎక్కిన మేడ ఇదేనా అని భార్య మణిమాల వెక్కిరించేది. వెక్కిరిస్తూనే, అతని చొక్కాకంటిన నూనె మరక వదిలేదాకా బండకేసి బాదేది.

ఆ దేశానికి బయటి సరుకు రావడం ఎప్పుడో ఆగిపోయింది. క్లచ్చి ప్లేటు అరిగిపోతే కొనుక్కునే కొట్టు లేదు, చేసుకోవాల్సిందే. పాత క్రేన్ల బ్రేకులకుండే పట్టీ సంపాదించి, కోసి, అరిగిన ప్లేటు మీద పరిచి, రాగి రివెట్లు కొట్టేవాడు కన్నారావు. ఆ ప్లేట్లు బాగానే నడిచేవి. చేసిన చేతికే వాటి మీద నమ్మకం లేదు. ఏ బండి మొరాయించినా, తన పట్టీయే ఊడి ఉంటుందని ముందు గుండె జారేది. అక్కడి మెకానిక్కులందరికీ ఉన్న జబ్బే అది. అసలు సరుకు కంటితో చూసి ఎన్నేళ్లయిందో! సొంత పని కూడా దొంగసొత్తులాగే కనిపించేది.

ఎనభై ఎనిమిది వానాకాలంలో నదికి అవతల ఊరంతా సర్కారు దిగిపోవాలంటూ వీధుల్లోకొచ్చింది. సిపాయిలు కాల్చారు. దలా పడవలు ఆగిపోయాయి. సరిగ్గా అప్పుడే మణిమాల కడుపునొప్పితో మంచం పట్టింది. మొదట వామునీళ్లు తాగింది. తరవాత జ్వరమొచ్చింది. కాంపౌండరు చంద్రరావు తెల్లారగానే వచ్చి, కుడిపక్క నొక్కి చూసి మొహం మాడ్చుకున్నాడు.

"ఇది అరుగుదల నొప్పి కాదు కన్నారావూ. కొయ్యాలి. ఇవాళే కొయ్యాలి."

"అవతలికి పడవ లేదు గదా, ఎలగ?"

"అవతలికొద్దు. ఈ ఒడ్డునే, ట్వంటే ఆస్పత్రిలో కోసే డాక్టరున్నాడు. ఎలగో అక్కడికి సేర్చు."

బస్సులు లేవు. ట్వంటే వెళ్లే కాలువ మొదట్లో సిపాయిలున్నారని పడవవాళ్లు తెడ్డు ముట్టుకోవడం లేదు. కన్నారావు అక్క సింహాచలమ్మ అప్పటికే తలకి గుడ్డ చుట్టింది.

"ఎద్దుబండి కట్టించరా. నానూ వస్తాను."

"ఈ బురదలో బండయితే పొద్దు గుంకిపోద్దప్పా. ఊ టిన్ మాంగ్ ట్రాక్టరుకి ట్రాలీ ఉంది. మద్దేనానికే ఎల్లిపోతాం. క్లచ్చి జారతందన్నాడు. సిటికలో సూసేస్తాను."

మంచం మీద నుంచి మణిమాల మూలిగింది. "నీ సిటికలు నాకు తెల్దేటి మావా? అన్నం సల్లారి రాయయ్యేది."

ఊ టిన్ మాంగ్ బర్మా రైతు; ఊ అంటే అక్కడ గారు. పొలం, ఇల్లు దలా చివరే. చిన్న పాత ట్రాక్టరది, కన్నారావు చేతిలో పడి లేచిందే. విషయం వినగానే తాళం చేతిలో పెట్టాడు. కన్నారావు ఇంజిను లేపి, పెద్ద గేరు వేసి, బ్రేకు తొక్కిపట్టి క్లచ్చి వదిలాడు. క్లచ్చి పట్టి ఉంటే ఇంజిను ఆగిపోవాలి. ఆగలేదు. హోరుమంటూనే ఉంది, మాడు వాసన కొట్టింది.

"పోనాది. నా పట్టీయే ఊడిపోనాది."

"ఎప్పుడూ ముందు పెడల్ నొక్కి చూస్తావుగా, కో కన్నా?" అన్నాడు టిన్ మాంగ్ బర్మా భాషలో, పేరుకి మర్యాదగా 'కో' తగిలించి.

నిజమే. క్లచ్చి పెడల్‌ని అరచేత్తో నొక్కితే, బరువు తగిలేలోపు కాస్త వదులుండాలి. ఎవరు బండి తెచ్చినా మొదట అది చూసేవాడు, చూడనివాణ్ణి తిట్టేవాడు కూడా. ఆ పొద్దు మనిషి అక్కడున్నా మనసు మంచం దగ్గరుంది.

"నా ప్లేటు సంగతి నాకు తెలీదా, ఊలే?" అని బర్మాలోనే విసుక్కున్నాడు. పెద్దవాణ్ణి బాబాయిలా పిలిచే మాటే అది, కానీ అందులో మర్యాద లేదు.

క్లచ్చి అందాలంటే ట్రాక్టరుని నడుమకి విడదియ్యాలి. కింద దుంగలు పేర్చారు. బోల్టులు విప్పారు. ఇద్దరూ భుజాలానించి ముందు సగాన్ని నెట్టేసరికి బాగా పొద్దెక్కింది. కన్నారావు ప్లేటు బయటికి తీసి గుడ్డతో తుడిచాడు. పట్టీ చెక్కుచెదరలేదు. రివెట్లన్నీ కొట్టినవి కొట్టినట్టే ఉన్నాయి. అతను చేసిన ప్లేట్లలో అంత చక్కటిది ఇంకోటి లేదు.

లోపల, పెడల్ తొక్కినప్పుడు బేరింగు వచ్చి నొక్కే ఇనప వేళ్ల కొసలు మాత్రం అద్దంలా మెరుస్తున్నాయి. అవి చూడగానే కారణం తెలిసిపోయింది. కొత్త పట్టీ వాడుకలో సర్దుకుని కాస్త పలచబడింది. దాంతో పెడల్లో వదులు పోయింది. బేరింగు ఎప్పుడూ వేళ్లని నొక్కుతూనే ఉంది, ఎవరో పెడల్‌ని సగం తొక్కిపెట్టినట్టు. క్లచ్చి జారక ఏం చేస్తుంది? బయట, పెడల్ కింద ఊచకున్న నట్టు తిప్పితే తీరిపోయేది. ట్రాక్టరు మాత్రం రెండు ముక్కలై వాకిట్లో పడి ఉంది. మళ్లీ కలపాలంటే మళ్లీ అంత పనీ ఉంది.

కన్నారావు పరుగెత్తాడు. దొరికిన ఎద్దుబండి తెచ్చి, గడ్డి పరిచి, మణిమాలని పడుకోబెట్టాడు. అక్క కాళ్ల దగ్గర కూర్చుంది. చక్రం గుంటలో పడ్డప్పుడల్లా మణిమాల అతని మణికట్టు పట్టుకునేది. కొంతసేపటికి నొప్పి తగ్గిందంది. అది మంచికి కాదని, లోపల పగిలినట్టేనని చంద్రరావు ముందే చెప్పి ఉన్నాడు.

"ట్రాక్టరుకేటయింది మావా?"

"ప్లేటు పోనాది."

"పోతే పోనాది. నువ్వేటి సేస్తావు? సామాను దొరకని దేశం. నీ తప్పేటుంది?" అంది. నోరు తెరిస్తే దెప్పిపొడిచే మనిషి, ఆ ఒక్క మాట మెత్తగా అంది.

ట్వంటే ఇంకా దూరంగా ఉండగానే ఆమె పట్టు సడలింది.

మర్నాడు దహనం అయ్యాక వాకిట్లో జనం కూర్చున్నారు. సింహాచలమ్మ శోకం పెడుతూ, పడవలాపినవాళ్లని, తుపాకులిచ్చినవాళ్లని, వాళ్ల ఏడు తరాల్నీ కడిగిపారేసింది. ఊ టిన్ మాంగ్ అందరికీ వినబడేలా అన్నాడు, "పట్టీ ఊడిపోయింది, పాపం అతనేం చేస్తాడు?" అని. కావాలనే అన్నాడు. నట్టు సంగతి ఆయనకీ తెలుసు.

కన్నారావు తలెత్తాడు. "ప్లేటు బాగానే ఉంది. నట్టు తిప్పితే సరిపోయేది. నాను సూడలేదు. మణిమాలకీ అబద్దమే సెప్పేను."

సింహాచలమ్మ శోకం ఆపి, తమ్ముడి దగ్గరకొచ్చి, చెంప మీద ఒక్కటి ఇచ్చింది.

"ఆ ఎదవలకి సుట్టాల్సిన పాపం నీ మెడకి సుట్టుకుంటావేట్రా?" అంది. మళ్లీ ఆ చెయ్యే అతని తల మీద వేసి నిలబడింది.

ఆమె మాటలో అబద్ధం లేదు. పడవలు తిరిగుంటే ట్రాక్టరు ఎవడిక్కావాలి? అయినా ఆ న్యాయం అతనికి ఎక్కలేదు. అక్క చెయ్యి తీసి పక్కన పెట్టి లేచాడు. నాట్ల కాలం, టిన్ మాంగ్ చేనింకా దున్నలేదు. విప్పినవాడే బిగించాలి. స్పానర్ల గుడ్డమూట చంకన పెట్టుకుని వానలో బయల్దేరాడు. మైల పట్టిన రోజు పనిముట్టు ముట్టకూడదని వెనకనుంచి ఎవరో కేకేశారు. అతను ఆగలేదు.