బోర్డు మీద కృష్ణ

1944 జూలైలో అనకాపల్లి బాలికల మిడిల్ స్కూలులో నన్ను ఇంగ్లీషు అసిస్టెంటుగా వేశారు. సెకండరీ గ్రేడ్ ట్రైనింగు ముగించుకుని వచ్చిన నాకు అదే మొదటి పోస్టింగు. మొదటి ఏడాది ప్రొబేషను. ఏడాది ముగిసేలోగా ఇన్‌స్పెక్ట్రెస్ వచ్చి, పాఠం విని, బాగుందంటేనే ఉద్యోగం ఖాయమవుతుంది. లేకపోతే ఇంటికి వెళ్లిపోవాలి. నాతవరంలో మా పెద్దనాన్న అప్పటికే అందరితో అంటున్నారట: "సరదా తీరితే అదే వత్తాదిలే." వెళితే మళ్లీ గడప దాటనివ్వరని నాకు తెలుసు.

నేను నలుగురిలో నోరు విప్పలేని మనిషిని. పిల్లల ముందు బాగానే మాట్లాడేదాన్ని కాని, పక్కన ఒక్క పెద్దమనిషి నిలబడితే గొంతు పట్టేసేది. పైకి చెప్పుకోలేనివన్నీ డైరీలో రాసుకునేదాన్ని. ఇన్‌స్పెక్షను తేదీ తెలిసిన దగ్గర నుంచి ఆ డైరీలో భయం తప్ప మరో సంగతి లేదు.

హెడ్‌మిస్ట్రెస్ గారు నాకిచ్చిన పాఠం సెకండు ఫారం పిల్లలకు: ప్రాపర్ నౌన్సు ముందు ఆర్టికల్సు. అంటే మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు, నదుల పేర్లు వంటి వాటిలో వేటి ముందు 'ద' రావాలి, వేటి ముందు రాకూడదు అన్నది. తెలుగులో ఆర్టికల్ అనేదే లేదు. అందుకని మా పిల్లలు దాన్ని మనం పెట్టే 'గారు' లాంటిదనుకున్నారు. రేకు పెట్టెలు చేసే ఆయన కూతురు జైనబ్ అనే అమ్మాయి ఒకరోజు లేచి, "నదికి మర్యాదిత్తారు, మా అబ్బాకి ఇవ్వరా పంతులమ్మగారండి?" అని అడిగింది. క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ రాత్రి మాత్రం, ఇదే ప్రశ్న ఇన్‌స్పెక్ట్రెస్ ముందు వేస్తే ఏం చెయ్యాలని నిద్ర పట్టలేదు.

పాఠానికి ముందు నోట్స్ ఆఫ్ లెసన్ రాసి ఇవ్వాలి. ఏం చెబుతామో, ఏం అడుగుతామో, బోర్డు మీద ఏం రాస్తామో అన్నీ అందులో ఉండాలి. మనిషికీ నదికీ ఒకే పేరైతే తేడా తేలిగ్గా తెలుస్తుందని రెండు వాక్యాలు ఎంచుకున్నాను. 'కృష్ణ ఈజ్ ఎ బాయ్.' 'ద కృష్ణ ఈజ్ ఎ రివర్.' హెడ్‌మిస్ట్రెస్ గారు చదివి సంతకం పెట్టారు. నోట్సు దాటి ఒక్క ముక్క కూడా బోర్డెక్కకూడదని హెచ్చరించారు.

ఇన్‌స్పెక్ట్రెస్ ఇంగ్లీషు దొరసాని. వెనక కుర్చీలో కూర్చుని, నా నోట్సు ఒళ్లో పెట్టుకుని, నేను రాసే ప్రతి అక్షరాన్నీ దానితో సరిచూస్తున్నారు. నా చేతిలో సుద్దముక్క చెమటకు మెత్తబడింది. అయినా పాఠం నడిచింది. చివరిది రీకాపిచ్యులేషను, అంటే చెప్పిందంతా పిల్లల నోట తిరిగి రాబట్టడం. అప్పుడు దొరసాని లేచి ముందుకొచ్చారు. తానే అడుగుతానన్నారు. మొదటి బెంచీలో సత్యవతి వైపు చెయ్యి చూపించి, ఆ రెండు వాక్యాలూ చదివి తేడా చెప్పమన్నారు.

సత్యవతిని ఆ బెంచీలో కావాలనే కూర్చోబెట్టాను. ఇంగ్లీషులో ఆ పిల్లను మించినవాళ్లు లేరు. బెల్లం వర్తకుల ఇంటి కోడలు. మెడలో పుస్తెలున్నాయి గాని ఇంకా కాపురానికి పంపలేదు. లేచి నిలబడింది. బోర్డు వైపు చూసింది. తల దించుకుంది.

దొరసాని మళ్లీ అడిగారు. సత్యవతి కళ్లలో నీళ్లు తిరిగాయి తప్ప పెదవి కదలలేదు. ఈ తరగతికి అప్పజెప్పడమే వచ్చు, అర్థం కాలేదన్నమాట అని దొరసాని హెడ్‌మిస్ట్రెస్ గారితో ఇంగ్లీషులో అన్నారు. నాకు నాతవరం వెళ్లే బస్సు కళ్ల ముందు కనిపించింది.

జైనబ్ ఉండబట్టలేక లేచింది.

"అది ఆల్లాయన పేరండి. ఎలా సెప్తాదండి మరి?"

ఇన్ని నెలల్లో సత్యవతి భర్త పేరు నాకెవరూ చెప్పలేదు. చెప్పవలసిన పిల్ల ఆ పేరు పలకదు. పిల్ల ఏమంటోందని దొరసాని నన్నడిగారు. నోరు తెరిచాను, మాట రాలేదు. చెయ్యి మాత్రం డస్టరు అందుకుంది. నోట్సు ఆవిడ చేతిలోనే ఉంది. హెడ్‌మిస్ట్రెస్ గారు వద్దన్నట్టు తల ఊపుతున్నారు. రెండు చోట్లా కృష్ణను చెరిపి, అనకాపల్లి పక్కన పారే ఏటి పేరు రాశాను. బాయ్ తీసి గర్ల్ పెట్టాను.

సత్యవతి ఊపిరి పీల్చుకుని గడగడా చదివింది. "శారద ఈజ్ ఎ గర్ల్. ద శారద ఈజ్ ఎ రివర్." మనిషి పేరు ముందు 'ద' ఉండదనీ, నది పేరు ముందు ఉంటుందనీ చెప్పి, అడగకుండానే 'ద గోదావరి' కూడా కలిపింది.

బోర్డు ఎందుకు మార్చావని దొరసాని అడిగారు. ఈసారి మాట వచ్చింది. ఆ అమ్మాయి పలకకూడని పేరు రాశాననీ, అది ఆమె భర్త పేరనీ చెప్పాను. ఆవిడ నమ్మలేదు. హెడ్‌మిస్ట్రెస్ గారి వైపు తిరిగి, మరి మీ భర్త పేరేమిటని అడిగారు. జిల్లా బోర్డు సర్క్యులర్లన్నీ నోటికొచ్చిన మా హెడ్‌మిస్ట్రెస్ గారు ఎర్రబడి, నేల చూపులు చూస్తూ నిలబడిపోయారు. వెనక నుంచి జైనబ్ గొంతు వినిపించింది: "నాను సెప్పనాండి?"

ఎవరూ నవ్వే ధైర్యం చెయ్యలేదు. దొరసాని తిరిగి వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. రిపోర్టు వచ్చేవరకు నేను సరిగా అన్నం తినలేదు. పాఠం సంతృప్తికరమనీ, పిల్లల ఇళ్ల సంగతి తెలుసుకుని ఉదాహరణలు ఎంచుకోవాలనీ అందులో ఉంది. ఉద్యోగం ఖాయమైంది.

ఆ తరువాత రిటైరయ్యేదాకా, కొత్త తరగతి చేతికి రాగానే, పెళ్లయిన పిల్లల పక్కన కూర్చునేవాళ్లను విడిగా పిలిచి, పక్కపిల్ల పలకని పేర్లేమిటో అడిగేదాన్ని. అవి వదిలేసి మిగతా పేర్లతో వాక్యాలు రాసేదాన్ని. ఏ పేరు ముందు 'ద' ఉండాలో ట్రైనింగు స్కూలులో నేర్పారు. ఆ పేరును క్లాసులో ఎవరు పలకగలరో ముందు తెలుసుకోవాలని అనకాపల్లిలో నేర్చుకున్నాను.