దగ్గరోడితోనే కొట్లాట

నా భార్య పోయిన నెల చనిపోయింది. నాచారంలో మా వీధివాళ్ళకు, హబ్సిగూడలో ఆమె కంప్యూటర్ పాఠాలు చెప్పిన కాలేజీవాళ్ళకు ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. కిడ్నీలు పాడై చనిపోయింది. ఆటలాడి కాదు. పరామర్శకు వచ్చి, మా ఇంట్లో టీ తాగుతూ, "ఎప్పుడూ ఆ టీవీ ముందు కూర్చుని ఒళ్ళు పాడుచేసుకుంది పాపం" అన్న బంధువులకు ఆ రోజు జవాబు చెప్పలేదు. ఇప్పుడు చెబుతున్నాను. తెలియని విషయం మీద నోరు పారేసుకోకండి.

మెత్తని మనిషి అని కూడా ఎవరూ రాయనక్కర్లేదు. ఆమె మెత్తన కాదు. కూరగాయల బండి దగ్గర, స్టాఫ్ రూంలో, వంటింట్లో నాతో, ఎక్కడైనా తగువు పెట్టుకునేది. తగువు పెట్టుకున్నాక అక్కడే నిలబడేది. లేచి వెళ్ళిపోవడం ఆమెకు చేతకాదు. తగువు సంగతి అందరూ చెబుతారు, ఈ రెండోది ఎవరూ చెప్పరు.

ఆట గురించి చెప్పాలి. టీవీకి తగిలించి ఆడే ఒక పాత గేమ్ డబ్బా ఆమె దగ్గర ఉండేది. తుపాకులతో ఒకరినొకరు కాల్చుకునే ఆట. కంపెనీ ఆ డబ్బాకు ఇంటర్నెట్ సేవ ఆపేసింది. కొత్తది కొనుక్కోమని దాని అర్థం. ఇక డబ్బాలన్నీ ఒకే గదిలో పెట్టి, వైర్లతో కలిపి ఆడుకోవడమొక్కటే మిగిలింది. అప్పుడు ఎక్కడివాళ్ళో కొందరు అభిమానులు ఒక సాఫ్ట్‌వేర్ రాసి ఊరికే పంచిపెట్టారు. డబ్బా నుంచి కంప్యూటర్‌కు వైరు, అక్కడి నుంచి ఇంటర్నెట్. ఉప్పల్‌లో ఒకటి, నాచారంలో ఒకటి, పోచారంలో ఒకటి ఉన్నా, అన్నీ ఒకే గదిలో ఉన్నాయని ఆ సాఫ్ట్‌వేర్ డబ్బాలను నమ్మిస్తుంది. అయితే డబ్బాకు అనుమానం ఎక్కువ. అవతలి నుంచి జవాబు కాస్త ఆలస్యమైతే చాలు, ఆట తెంపేస్తుంది. కాబట్టి దేశాంతరం వాళ్ళతో కుదరదు, చుట్టుపక్కల వాళ్ళతోనే ఆడాలి.

"దూరమోనితోని కొట్లాడలేం. కొట్లాడాల్నంటె దగ్గరోడే ఉండాలె" అనేది. ఆట గురించే అనేది.

ఎవరి లైను బాగుంటే వాళ్ళ డబ్బా ఆటను నడుపుతుంది. వాళ్ళే హోస్టు. ఇంటర్నెట్‌లో ఆ ఉత్తుత్తి గది తెరిచేది, జట్లు వేసేది హోస్టే. మా వీధి లైను బాగుండేది, అందుకని ఆ పెత్తనం ఆమెది.

సాఫ్ట్‌వేర్ తెచ్చి పెట్టింది ఆమె తమ్ముడు. చిల్కానగర్‌లో ఉంటాడు. సాయంత్రాలు ఇద్దరూ మైకులు తగిలించుకుని తిట్టుకునేవాళ్ళు.

"అక్కా, ఏడ దాక్కున్నవే?"

"నీ ఎనకనే ఉన్న. జర మల్లి సూడు."

"నీ యవ్వ!"

"మనిద్దరికి ఒకతే అవ్వరా. సోంచాయించి తిట్టు."

తర్వాత తెలంగాణ ఉద్యమం ఊపందుకుంది. మా నాన్న రైల్వే ఉద్యోగం మీద గుంటూరు వైపు నుంచి వచ్చాడు. నేను పుట్టింది ఇక్కడే. అయినా బావమరిదికి నేను బావను కాకుండా పోయి సార్‌నయ్యాను. ఆ గదిలో సగం మంది తెలంగాణ జిల్లాలవాళ్ళు, సగం మంది కోస్తావాళ్ళు. మైకుల్లో ఏం వినిపించేదో ఊహించుకోవచ్చు. ఒకరోజు తమ్ముడు తేల్చేశాడు.

"జట్లు సక్కగ వెయ్ అక్కా. మేమొక దిక్కు, ఆంధ్రోళ్ళొక దిక్కు. తేలిపోతది."

"ఏం తేలాలెరా?"

"ఎవనిది హైదరాబాదో."

"గీ ఆటల తేలుతదా?"

"నువ్వెటు దిక్కో చెప్పు. నీ మొగని దిక్కా?"

పోచారంలో ఐటీ ఉద్యోగం చేసే ఒక కాకినాడ అతనితో కలిపి తమ్ముణ్ణి ఒకే జట్టులో వేసింది ఆమె.

"తమ్ముడూ, నా వెనకాల వచ్చెయ్యండి" అన్నాడు కాకినాడ అతను, మామూలుగానే.

"నీ ఎనక నేనెందుకొస్త?"

అంతే, తమ్ముడు వైరు పీకేశాడు. అతని బొమ్మ తెర మీద నుంచి మాయమైంది. ఆ ఆటగాళ్ళలో అంతకన్నా సిగ్గుమాలిన పని లేదు. ఓడిపోయేవాళ్ళు అలా చేస్తారు. "వైరు పీకినోడు ఓడినట్టే" అని ఆమె మైకులో అందరికీ వినపడేలా చెప్పింది. అతనికి తప్ప అందరికీ వినపడింది.

తమ్ముడు వేరే గది తెరిచి తనవాళ్ళను తీసుకుపోయాడు. అతని లైను మందం. అక్కడ అందరూ నడుంలోతు నీళ్ళలో నడిచినట్టు నడిచేవారట. ఇక్కడ మనుషులు చాలలేదు. రెండు గదుల్లోనూ ఆట చచ్చింది. ఆమె మాత్రం సాయంత్రం కాగానే గది తెరిచి కూర్చునేది. వదిలెయ్యమన్నాను.

"వాడే వస్తడు. రాకుంటె ఎవనితోని కొట్లాడ్తడు? నువ్వు నడుమల రాకు."

డయాలసిస్ మొదలయ్యాక తమ్ముడు ఆసుపత్రికి వచ్చాడు. వరండాలో నన్ను ఆపాడు.

"మా అక్కను గిట్ల జేసింది మీరే సార్."

"పక్కకు జరుగు. స్ట్రెచర్ వస్తోంది" అన్నాను.

లోపల ఆమె అడిగింది ఒకటే.

"గదిలకొస్తవా?"

"ముందు నువ్వు మంచిగ గా అక్కా."

"అడిగినదానికి చెప్పు."

నీళ్ళ సీసా నింపుకొస్తానని అతను బయటికి వెళ్ళాడు.

రాష్ట్రం వచ్చింది. వీధిలో పటాకులు కాల్చారు. ఆమె సంతోషించింది, అదీ రాయాలి. మిఠాయి ముక్క నా నోట్లో కుక్కి, "తిను, ఇగ నీది గూడ గీ రాష్ట్రమే" అంది. తమ్ముడు మాత్రం గదిలోకి రాలేదు. కొన్ని వారాలకే ఆమె పోయింది.

దినాలయ్యాక ఒక ఆదివారం మధ్యాహ్నం డబ్బా, కంప్యూటర్ ఆన్ చేశాను. నాకు ఆడటం రాదు. గది తెరవడం మాత్రం చూసి చూసి వచ్చింది. ముందు కాకినాడ అతను వచ్చాడు. తర్వాత ఉప్పల్ నుంచి కొందరు. చివరికి తమ్ముడి పేరు తెర మీద కనిపించింది.

"జట్లు ఎవరేస్తున్నరు?" అన్నాడు.

"నేను."

అతన్ని కాకినాడ అతనితో కలిపి వేశాను. వైరు పీకుతాడని చూశాను.

"కావాల్ననే వేసిన్రు సార్."

"అవును."

పీకలేదు.

హోస్టు బొమ్మ కూడా ఆటలో ఉండాలి. ఆమె బొమ్మను కదిపేవాళ్ళు లేరు. తుపాకీ పట్టుకుని మైదానం మధ్యలో నిలబడిపోయింది. అందరూ దాని చుట్టూ తిరిగి పోతున్నారు. ఒక్కరూ కాల్చరు. తిట్లు కూడా ఆగిపోయాయి. ఇన్నేళ్ళు లేని మర్యాద అందరికీ ఒక్కసారే పుట్టుకొచ్చింది. నాకు ఒళ్ళు మండింది.

"ఏం సూస్తున్నర్రా?" అన్నాడు తమ్ముడు. "గిట్ల ఇడిసిపెడ్తె మా అక్క ఊకుంటదా?"

"నువ్వే కొట్టు తమ్ముడూ" అన్నాడు కాకినాడ అతను.

కొట్టాడు. బొమ్మ వెల్లకిలా పడింది. ఆ ఆటలో పడినవాళ్ళు ఇంకోచోట లేస్తారు. ఆమె మైదానం చివర ఒక గోడ దగ్గర లేచింది. ముఖం గోడవైపు, వీపు అందరివైపు. ఎవరో అటు పరుగెత్తారు. ఎవరో ఎవరినో తిట్టారు, ఆ తిట్టినవాణ్ణి ఇంకెవరో తిట్టారు. నేను కుర్చీ దగ్గరికి లాక్కున్నాను. ఆమె మళ్ళీ పడింది. ఈసారి మెట్ల మీద లేచింది.