రంగూన్ రేవులో ఒడిబియ్యం

మొన్న మనుమరాలికి ఒడిబియ్యం పోయడానికి అటక మీది పీట దింపగానే పాత పసుపు, నెయ్యి, టేకు కలగలిసిన వాసన గదంతా పరుచుకుంది. జ్ఞాపకం కంటే కొలతను ఎక్కువగా నమ్మే అలవాటు కొద్దీ టేపు పెట్టి చూశాను: పొడవు పద్దెనిమిది అంగుళాలు, వెడల్పు పన్నెండు, మందం ఒకటి. కాళ్లు లేవు. కాళ్లున్న రోజుల్లో అది మా ఊరు ఎల్లారెడ్డి నుంచి సముద్రం దాటి రంగూన్ పోయింది. దాని వెంట తొమ్మిదేళ్ల పిల్లగా నేనూ పోయాను.

మా మేనత్త భర్త రంగూన్‌లో టేకు దుంగల అడితిలో పనిచేసేవాడు. పెళ్లయిన ఆడబిడ్డను మూడేళ్లకో ఐదేళ్లకో ఒకసారి పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోయడం మా వైపు ఆచారం. మూడో ఏడు అత్తమ్మ రాలేకపోయింది. ఐదో ఏడూ రాలేనని ఉత్తరం వచ్చేసరికి, మేమంతా అవ్వ అని పిలిచే నాయనమ్మ ఒక్క మాటలో తేల్చేసింది: “బిడ్డ రాకపోతే పుట్టిల్లే బిడ్డ కాడికి పోతది.” పుట్టింటివాళ్లు మరిచారని కూతురు అనుకోకూడదు, ఆమె పట్టుదలంతా అదే.

బడికి సెలవులిచ్చిన వారానికే, తాతనూ అమ్మనూ పశువుల దగ్గర ఉంచి, బాపు, అవ్వ, నేను తెల్లవారుతూనే గూడు బండి ఎక్కాం. రాలిన ఇప్పపూల వాసన, ఎడ్ల మెడగంటల చప్పుడు, మూటలోని సర్వపిండిలో నువ్వుల కమ్మదనం కామారెడ్డి స్టేషను దాకా మా వెంటే వచ్చాయి. అక్కడి నుంచి సికింద్రాబాదు, బెజవాడ, మద్రాసు: మూడు రైళ్లు. ప్రతి స్టేషనులో బాపు జేబు గడియారం తీసి చూసేవాడు. అవ్వ పీటను తడిమి చూసేది.

ఓడ ఎక్కాక రెండు రోజులు బాపు, నేను వాంతులతో పడుకునే ఉన్నాం. అవ్వ మాత్రం డెక్కు మీద ఆ పీట వేసుకుని, ఐదు మానికల బియ్యం మూట ఒళ్లో పెట్టుకుని నిటారుగా కూర్చునేది.

“గిన్ని నీళ్లున్నయి, ఒక్క మడి పారదు! ఇదేం సముద్రమురా?” అనేది. పడుకున్నచోటే బాపు నవ్వేవాడు.

నాలుగో రోజు పొద్దున నీలి నీళ్లు బురదరంగుకు తిరిగాయి. నది మలుపులో చెట్లపైన బంగారు గోపురం మెరిసింది. రేవులో మా టీకా మచ్చలు చూశారు, రేవు గుమాస్తా సామాను మీద సుద్దతో గుర్తులు పెట్టాడు. మూట ఎత్తబోయిన, రంగూన్‌ను రంగం అనే విశాఖ వైపు కూలీ పకపకా నవ్వాడు.

“ఏటి మామ్మా, రంగానికి బియ్యం మోసుకొచ్చినావా? ఇక్కడ ఓడలకు ఓడలు బియ్యమే గదేటి!”

“గవి తినే బియ్యం బిడ్డా. ఇవి ఒడిబియ్యం.”

అతను తలగుడ్డ సరిచేసుకుని మూటను నెత్తికెత్తుకున్నాడు.

రేవు షెడ్డులో ఎదురుచూస్తున్న అత్తమ్మ మమ్మల్ని వాటేసుకుని, ఇంటికి పోదాం పదమంది. అవ్వ కదలలేదు.

“మీ అత్తగారింట్ల ఎట్ల పోస్తనే? గది పుట్టిల్లయితదా?” అంటూ పీటను అక్కడే దింపింది. “ఈ పీట మీద కూసుంటే మనింట్ల కూసున్నట్టే.”

“అవ్వా, అందరు చూస్తున్నరే,” అన్నాడు బాపు.

“చూడనియ్యి. దొంగతనం చేస్తున్ననా?”

పీట కింద ముగ్గు ఉండాలి. పిండి తేవడం మరిచాం. ఆ కూలీయే పోయి గుమాస్తా దగ్గర సుద్దముక్క అడిగి తెచ్చాడు. సామాను మీద గుర్తులు పెట్టిన ఆ సుద్దతో రేవు బండల మీద నేను ముగ్గు వేశాను. కూలీలు బస్తాలు దింపి చుట్టూ నిలబడ్డారు. అవ్వ ఐదు దోసిళ్లు పోసింది. అత్తమ్మ ఏడుస్తూనే, ఆచారం ప్రకారం, పిడికెడు తిరిగి అవ్వ కొంగులో వేసింది.

“పీట నీ దగ్గరనే ఉంచుకో,” అంది అవ్వ. “మల్ల ఐదేండ్లకు నేనుంట్నో లేదో. ఇది ఉంటది.”

ఆ ఐదేళ్లు నిండకముందే యుద్ధం రంగూన్‌కు చేరింది. అత్తమ్మ, మామయ్య కొండదారుల్లో నడుస్తూ, మోయలేనివన్నీ వదులుకుంటూ వచ్చారు. పీటను వదలనని అత్తమ్మ మొండికేస్తే, బరువు తగ్గుతుందని మామయ్య దాని కాళ్లు కోసేశాడట. వాళ్లు ఎల్లారెడ్డిలో మా గడపలో అడుగుపెట్టిన రోజున అవ్వ ఆ పలకను నడింట్లో వేసి, “కూసో బిడ్డా,” అంది.

అవ్వ లేదు, అత్తమ్మ లేదు. మద్రాసు నుంచి ఆ ఓడలూ లేవు, బియ్యాన్ని మానికతో కొలిచే ఇల్లూ లేదు. పీటకు కొత్త కాళ్లు కొట్టిద్దామంది మనుమరాలు. వద్దన్నాను. ముగ్గుపిండి డబ్బా తెస్తే అదీ పక్కన పెట్టి, సుద్దముక్క ఇమ్మన్నాను. ముగ్గురు పిల్లలు చదువుకునే ఇల్లు. గదులన్నీ వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. చివరికి వీధి చివరి దుకాణం నుంచి తెప్పించాకే పీట వేయనిచ్చాను.