వేలంపాటలో ఫెజెంట్ పుంజు

దక్షిణార్ధగోళంలో మే నెలంటే ఆకులు రాలే కాలం. కాబట్టి న్యూజిలాండ్‌లోని పాపటోయిటోయి తెలుగు క్రైస్తవులు కోతల పండుగ మేలోనే చేసుకుంటారు. నేను చాలా దేశాలు తిరిగాను గానీ, దేవుడి పేరు చెప్పి గోంగూర కట్టకు వేలంపాటలో ఇంతగా పోటీపడే జనాన్ని మన కోస్తా చర్చిల తర్వాత ఇక్కడే చూశాను.

ఆ ఏడు దేవపాల్ ఎప్పుడూ తెచ్చే గుమ్మడికాయకు బదులు తాను వేటాడిన పక్షిని తెచ్చాడు. ఎర్రటి మొహం, మూరెడు తోక ఉన్న ఫెజెంట్ పుంజు, అడవికోడి లాంటిది. వారమంతా వృద్ధాశ్రమంలో ముసలివాళ్ళను లేపి కూర్చోబెట్టే మనిషికి, సెలవునాడు గడ్డిలో తుపాకీతో నడవడమే ఊపిరి. తుపాకీకి ఒక లైసెన్సు, వేటకు మరొకటి. పూర్వం రాజులు వేటను తమకే అట్టిపెట్టుకునేవారు. ఇక్కడ లైసెన్సు ఎవరైనా కొనొచ్చు, దాంతోపాటే ఒక స్టాంపు రుసుమూ కట్టాలి. అది పక్షులుండే చిత్తడి నేలలను బాగుచేయడానికి పోతుంది.

"నేను కొట్టే పిట్టకి ఇల్లు కట్టేదీ నేనే" అని గొప్పలు పోయేవాడు దేవపాల్.

వేలంపాట నడిపేది అతని బావమరిది మైఖేల్. పుంజును తోకతో సహా పైకెత్తాడు.

"రండమ్మా రండి! ఆక్లండ్‌లో ఏ షాపులోనూ దొరకని కోడి!"

ఫ్లోరెన్స్ ఆంటీ పాట పెంచింది. అందరూ చప్పట్లు కొట్టారు. దేవపాల్ చేతులు మాత్రం మధ్యలోనే ఆగిపోయాయి. షాపులో ఎందుకు దొరకదు? వేటాడిన పక్షిని తినొచ్చు, పంచిపెట్టొచ్చు. అమ్మకూడదు, కొనకూడదు. నిబంధనల్లో చదివిందే, పండుగ సంబరంలో మరిచాడు. గుమ్మం దగ్గర హాలు తాళాలు చూసుకునే, ఈ దేశస్థుడైన కివీ పెద్దాయన ఫోనెత్తి వీడియో తీస్తున్నాడు.

"ఆపు మైఖేల్! అది అమ్మకూడదు. లైసెన్సు పోద్ది."

"దేవుడికిచ్చింది వెనక్కి లాక్కుంటావా బావా?"

హాలంతా నవ్వు. దేవపాల్ చెమటలు తుడుచుకున్నాడు. చివరికి అతని భార్య జోసఫిన్ లేచి పుంజును అందుకుంది.

"వండి పెడతాను. అందరూ తినండి. ఎవరూ పైసా ఇవ్వొద్దు."

కూర ఉడికింది. కివీ పెద్దాయనకూ ఒక ప్లేటు వెళ్ళింది. అంతలో ఫ్లోరెన్స్ ఆంటీ కానుకల పెట్టెలో నోట్లు వేయడం దేవపాల్ కంటపడింది.

"ఆంటీ, ఆ డబ్బు దేనికి?"

"నేను పాడుకున్న గుమ్మడికాయకిలేవయ్యా. తిను."

"నిజంగా గుమ్మడికాయకేనా?"

"మరి నీ కోడికా? ముక్క కూడా నాదాకా రాలేదు!"

దేవపాల్ తన ప్లేటులోని ముక్క తీసి ఆవిడకు వేశాడు. ఇంకొకటి తను నోట్లో పెట్టుకున్నాడు. పంటికింద చిన్న తుపాకీ గుండు టక్కుమంది. ఉలిక్కిపడి గుమ్మం వైపు చూశాడు. పెద్దాయన ఒక చేతిలో ఖాళీ ప్లేటు, రెండో చేతిలో ఇంకా ఆ ఫోను.