పంజాగుట్ట అద్దం ముందు మా మాన్య

మా మాన్య నన్ను ‘అన్నా’ అని పిలిచేది. నేను దాని మేనత్తను. దానికి పుట్టుకతోనే అంగిలి చీలి ఉండటంతో మాట్లాడితే గాలంతా ముక్కులోకి పోయేది. అమ్మ, నాన్న, మాన్య... ఇవన్నీ చక్కగా వచ్చేవి. ప, త, ట లాంటివి మాత్రం పలికేవి కావు. అలా అత్త కాస్తా అన్న అయిపోయింది. పసితనంలో చేసిన ఆపరేషన్ తర్వాత అంగిట్లో చిన్న రంధ్రం మిగిలింది. దాన్ని ఈ వేసవిలో హైదరాబాద్ పంజాగుట్టలోని ఒక ఆసుపత్రిలో మూశారు. అది సరిగ్గా అతుక్కుందా, లేక ఐదేళ్ల పిల్లను మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కించాలా అనేది తేలే రోజు మొన్న వచ్చింది. మా వదిన బాలింత. అందుకని కుట్టు మిషన్‌కు సెలవిచ్చి నేనే బయలుదేరాను.

సిరిసిల్లలో తెల్లవారుజామునే ఎక్స్‌ప్రెస్ బస్సు ఎక్కితే తొమ్మిదిన్నరకు అటూఇటుగా సికింద్రాబాద్ జేబీఎస్ బస్టాండులో దిగుతాం. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ డబ్బులుండవు. అక్కడి నుంచి పరేడ్ గ్రౌండ్ స్టేషన్‌కు నడిచి మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో రైలు మారితే తర్వాతి స్టేషనే పంజాగుట్ట. మనిషికి నలభై రూపాయల లోపే. మేం మాత్రం ఆకలికి ఆగలేక అమీర్‌పేటలోనే దిగి, హాస్టల్ కుర్రాళ్లు గుమిగూడిన ఒక టిఫిన్ బండి దగ్గర నిలబడ్డాం. మాన్య నా కొంగు లాగి “అన్నా!” అంది. నేను తిరిగేలోపే ముగ్గురు కుర్రాళ్లు, బండాయన కూడా తిరిగారు.

“ఏం గావాలె బిడ్డా?” అన్నాడు బండాయన.

“నిన్ను కాదన్నా, నన్ను పిలుస్తుంది,” అన్నాను.

ఆయన నా చీర వైపు ఒకసారి చూసి, ఇడ్లీ మీద ఇంత సాంబారు పోశాడు. “మెత్తగైతది, జర నానబెట్టి తినిపియ్యి అక్కా.”

ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టు మేడం మాన్య ముక్కు కింద చిన్న అద్దం పెట్టి, “పాలు అనమ్మా” అంది. గాలి ముక్కులోంచి వస్తే అద్దం మీద ఆవిరి పడుతుందట. ఇంట్లో రోజంతా వాగే మా పిల్ల అక్కడ పెదవి విప్పితే ఒట్టు. నేను బతిమాలాను, చాక్లెట్ ఆశ చూపాను, చివరికి బెదిరించాను కూడా.

“ఇంట్లో మాట్లాడింది ఫోన్‌లో ఏమైనా ఉందా?” అంది మేడం.

ఆపరేషన్‌కు ముందుది ఒకటి దొరికింది. “అన్నా, నాను నాలు!” ‘నాకు పాలు’ అంటున్న దాని గొంతు గదంతా వినిపించింది. మాన్య పకపకా నవ్వింది. “గది నేనా? గట్ల గాదు... పాలు!”

అద్దం తళతళలాడుతూనే ఉంది. నాకు ఏడుపొచ్చేసింది. తర్వాత డాక్టరు టార్చి వేసి చూసి, “పూర్తిగా మూసుకుంది, ఇంకో ఆపరేషన్ అక్కర్లేదు” అన్నాడు.

“మరి నన్నింకా అన్న అనే అంటది గద మేడం?”

“అది అలవాటండీ. అంగిలి బాగైంది, నాలుకకి కొంచెం టైమివ్వండి. ఇంట్లో సాధన మాత్రం ఆపకండి,” అంది మేడం నవ్వుతూ.

పిల్ల అలసిపోయిందని తిరుగు ప్రయాణానికి జేబీఎస్ దాకా ఆటో మాట్లాడాను. రెండు వందలకు ఒప్పుకున్నాడు. బేగంపేట దాటాక మాన్య తల బయటికి పెట్టబోయి, “అన్నా!” అని గట్టిగా పిలిచింది. అలవాటుగా “ఏందే?” అన్నాను.

“నిన్ను గాదు అత్తా, ఆటో అన్నను. జర మెల్లగ పొమ్మను.”

డ్రైవర్ “సరే బిడ్డా, ఫికర్ జెయ్యకు” అని వేగం తగ్గించాడు. నేను దాన్ని లోపలికి లాగి ఒళ్లో కూర్చోబెట్టుకున్నాను. ‘అత్తా’ అన్న ఆ ఒక్క మాట కోసం ఐదేళ్లు ఎదురుచూశాను. వచ్చాక సంతోషంతో పాటు చిన్న బెంగ కూడా పట్టుకుంది. ఇక ఏ ఊళ్లో ఎవరు ‘అన్నా’ అని పిలిచినా నేను తిరిగి చూడక్కర్లేదు.

ఇలాంటి పని మీద వెళ్లేవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఫోన్‌లో రికార్డు చేసుకుని వెళ్లండి, కొత్త మనుషుల ముందు వాళ్లు నోరు విప్పరు. పని అయిపోయాక కూడా దాన్ని చెరిపేయకండి. నేను చెరపలేదు.